చనిపోయిన పాప ఫొటోకి రెక్కలు పెట్టమంటున్నారు, వాక్యం ప్రకారం సరేనా?

గవర్నర్‌పేట డిజైనర్:
అందరికీ వందనాలు. నేను విజయవాడలో ఫ్లెక్స్ డిజైనర్‌ని. ఉజ్జీవ సభల పోస్టర్లు, ఆదరణ కూడికల (చనిపోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన సభల) ఫ్లెక్సులు మా షాపుకి బాగా వస్తాయి. నిన్న సింగ్‌నగర్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన మనవరాలు, నాలుగేళ్ల పాప, డెంగీతో పోయింది. పుట్టినరోజు ఫొటో ఇచ్చి, పాపను మబ్బుల మీద నిలబెట్టి తెల్ల రెక్కలు పెట్టమన్నారు. కింద "మా బంగారం దేవదూత అయ్యింది" అని రాయాలట.

రెక్కలు అతికించడం నాకు ఐదు నిమిషాల పని. కానీ చెయ్యి ఆడటం లేదు. మనుషులు చనిపోయాక దేవదూతలవుతారని బైబిల్లో నేనెక్కడా చదవలేదు. కూడికకి వచ్చినవాళ్లంతా ఆ ఫ్లెక్స్ చూస్తారు, వాళ్లలో చిన్నపిల్లలూ ఉంటారు. అలాగని ఆ తాతగారితో "అది తప్పండీ" అనడానికి నోరు రావటం లేదు. ఏం చెప్పమంటారు?

సండే స్కూల్ టీచరమ్మ, గుంటూరు:
బాబూ, వందనాలు. నువ్వు చదివింది నిజమే. దూతలు వేరే సృష్టి. హెబ్రీ పత్రిక 1:14 వాళ్లను సేవ చేసే ఆత్మలంటుంది. రక్షణ పొందబోయే మనుషుల కోసమే దేవుడు వాళ్లను పంపుతాడట. మనిషి దూతగా మారినట్టు బైబిల్లో ఒక్క సంఘటన కూడా లేదు.

మనవాళ్లకి ఈ మాట ఎక్కడ నుంచి వచ్చిందో చెప్తాను. పునరుత్థానంలో, అంటే చనిపోయినవాళ్లు తిరిగి లేచినప్పుడు, పెళ్లిళ్లు ఉండవు, దూతల్లా ఉంటారు అని యేసు ప్రభువు సద్దూకయ్యులతో అన్నాడు. వాళ్లు పునరుత్థానం లేదనే యూదుల వర్గం. అక్కడి ప్రశ్న ఏడుగురు అన్నదమ్ములను వరసగా చేసుకున్న ఆవిడ ఎవరి భార్య అని. చావు లేనివాళ్లుగా, దూతలతో సమానులుగా ఉంటారన్నాడే గానీ దూతలైపోతారనలేదు.

రెక్కల సంగతికొస్తే, సెరాపులనే పరలోక జీవులకి ఆరేసి రెక్కలని యెషయా 6లో ఉంది. కానీ అబ్రాహాము గుడారానికి వచ్చినవాళ్లు మామూలు మనుషుల్లాగే కూర్చుని భోంచేశారు. యేసు సమాధి దగ్గర కనబడింది తెల్లబట్టల యువకుడని మార్కు రాశాడు.

నా మనసుకి ముఖ్యమనిపించేది ఇది. దేవుడి కుమారుడు దూతగా పుట్టలేదు, మనిషిగా పుట్టాడు, మనిషి శరీరంతోనే లేచాడు. మన నిరీక్షణ కూడా ఆ లేవడమే. ఆ తాతగారికి కావలసింది ఆ పాపే కదయ్యా! ఆ పేరుతో, ఆ ముఖంతో, తాతా అని పిలిచే పాప. దూత అయిపోతే ఆ పాప లేనట్టేగా. బిడ్డ చనిపోయినప్పుడు దావీదు తానే వాడి దగ్గరికి వెళ్తానన్నాడు, 2 సమూయేలు 12 చూడు. ఆయనతో ఇది తప్పు అనకు. మీ పాప మీ పాపగానే మీకు కనబడుతుందండీ అని చెప్పు.

గుణదల వాసి:
బ్రదర్, మేము కతోలికులం. మా సంఘమూ ఇదే చెప్తుంది, మనుషులు దూతలు కారు. ప్రతి మనిషికీ ఒక కావలి దూత ఉంటాడని మా విశ్వాసం, అక్టోబరు 2న ఆ పండుగ చేస్తాం. చిన్నబిడ్డల దూతలు ఎప్పుడూ తండ్రి ముఖం చూస్తుంటారని మత్తయి 18:10లో ఉంది కదా. చనిపోయిన పెద్దవాళ్ల ఆత్మలు పరలోకం చేరేముందు శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలం ఉందని నమ్ముతాం, అందుకే నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థిస్తాం. జ్ఞానస్నానం పొందిన ఇంత చిన్నపాపకి ఆ శుద్ధి అవసరం లేదు, నేరుగా పరలోకమే. ఒక సలహా. పాపకి రెక్కలు వద్దు, పక్కన చెయ్యి పట్టుకున్న దూతని పెట్టండి.

తెనాలి బ్రదర్:
చనిపోయినవాళ్లు ప్రభువు వచ్చేదాకా నిద్రలో ఉంటారని మేము నమ్ముతాం, 1 థెస్సలొనీక 4. కాబట్టి మబ్బుల మీద నిలబెట్టడమే సరికాదు.

సండే స్కూల్ టీచరమ్మ, గుంటూరు:
నాయనా, పక్కన సిలువ మీదున్న దొంగతో "నేడు" నాతో పరదైసులో ఉంటావు అన్నాడు ప్రభువు. నాకు ఆ మాట చాలు. మీ నమ్మకం మీది, కానీ ఆ కుటుంబం ముందు ఈ వాదన పెట్టొద్దు, దయచేసి.

గవర్నర్‌పేట డిజైనర్:
తాతగారికి ఫోన్ చేశాను. టీచరమ్మగారు చెప్పినట్టే చెప్పాను. కాసేపు ఏడ్చి, సరే బాబూ, రెక్కలు తీసెయ్ అన్నారు. పక్కన దూత ఉంటే సంతోషమన్నారు. మబ్బులు తీసేసి తోట పెట్టాను. ఇప్పుడు వాక్యం ఏది వెయ్యమంటారు? చనిపోయిన బీదవాడు లాజరును దూతలు అబ్రాహాము రొమ్మున ఆనుకోవడానికి తీసుకెళ్లిన లూకా 16:22 అనుకుంటున్నాను. రాత్రికి ప్రింటింగ్‌కి పంపాలి.

సండే స్కూల్ టీచరమ్మ, గుంటూరు:
అది వద్దు బాబూ. ఆ వచనంలోనే ధనవంతుడి చావు కూడా ఉంది, పాస్టరుగారు అంతా వివరించాల్సి వస్తుంది. మార్కు 10:14 వెయ్యి, "చిన్నబిడ్డలను నాయొద్దకు రానియ్యుడి". పాప పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండనీ.