అప్‌డేట్: చెల్లికి పాప పుట్టింది, ఇద్దరూ క్షేమం

పలమనేరు దగ్గర పల్లెలో ఉండే మా చెల్లికి ఏడో నెల స్కాన్‌లో బిడ్డ ఎడమ చెయ్యి మోచేతి కింద ఏర్పడలేదని తేలింది, ఎక్కడ చూపించాలి అని అడిగాను కదా. ధైర్యం చెప్పిన అందరికీ దండాలు.

కాన్పు తిరుపతిలో అయింది. పాపకిప్పుడు మూడో నెల. పాలు తాగుతూ ఆ పొట్టి చేత్తోనే వాళ్లమ్మ పైటను అదిమి పట్టుకుంటుంది.

గ్రహణం రోజు కూరగాయలు తరిగావని అత్తవాళ్లు చెల్లిని సాధించారు. డాక్టరమ్మ వాళ్లనే కూర్చోబెట్టి చెప్పింది: చేతులూ కాళ్లూ ఏర్పడేది పిండానికి 4 నుంచి 8 వారాల మధ్య. చాలాసార్లు కారణమే తేలదు, తల్లి తప్పేమీ ఉండదు. ఆ మాటతో ఇంట్లో నోళ్లు మూతపడ్డాయి.

తిరుపతిలోనే ఎముకల, అవయవ లోపాల వైద్యానికి టీటీడీ వారు నడిపే బర్డ్ ఆస్పత్రిలో చూపించాం. పాప కూర్చోవడం మొదలుపెట్టాక తేలికపాటి కృత్రిమ చెయ్యి గురించి చూద్దామన్నారు.

నా బాధల్లా ఒకటే. బిడ్డ అవయవాలు సరిగా ఏర్పడ్డాయో లేదో చూడటానికి 18-20 వారాల్లో చేయాల్సిన స్కాన్ గురించి చెల్లికి చెప్పినవాళ్లే లేరు. టౌనుకెళ్తే బస్సు ఖర్చు, పైగా ఆ రోజు కూలీ పోతుంది. మీ ఊళ్లో గర్భిణులుంటే ఆశా కార్యకర్తను అడగమనండి. ప్రతి నెలా 9న సర్కారు ఆస్పత్రుల్లో ఉచితంగా పరీక్షలు చేస్తారు.

చంటిబిడ్డకు సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని సర్కారు ఇచ్చే ధ్రువపత్రం) తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలాగో చెప్పండి.