టెన్నిస్ కోర్టు తీసేసి పికిల్‌బాల్ కోర్టులు వేయడం 27 చేతులతో తేల్చేస్తారా?

బి-207:
పోయిన ఆదివారం మన అపార్ట్‌మెంట్ల జనరల్ బాడీ మీటింగ్‌కి రాలేకపోయినవాళ్ళ కోసం రాస్తున్నా. మన టెన్నిస్ కోర్టు నేల పగిలిపోయింది, నెట్‌ను ప్లాస్టిక్ తాడుతో కట్టి ఏదో నెట్టుకొస్తున్నాం. దాన్ని బాగుచేయించడం దండగ, ఆ జాగాలో నాలుగు పికిల్‌బాల్ (టెన్నిస్ లాంటిదే, చిన్న కోర్టులో ఆడే ఆట) కోర్టులు, ఫ్లడ్‌లైట్లు పెడదాం, కొటేషన్ 7 లక్షల 20 వేలు, కార్పస్ (పెద్ద ఖర్చులకని అందరం కలిసి దాచిన నిధి) నుంచి తీద్దాం అని కమిటీ చెప్పింది. 186 ఫ్లాట్లకు 41 మంది వచ్చారు, 27 చేతులు లేచాయి, తీర్మానం పాసైనట్టు మినిట్స్‌లో రాసేశారు. నేను చెయ్యెత్తలేదు. ఆట మీద నాకేం కోపం లేదు, మా అబ్బాయి బయట గంటకింత అని కట్టి మరీ ఆడొస్తాడు. కానీ మా అమ్మ పడుకునే గది కిటికీ సరిగ్గా ఆ కోర్టు మీదికే తెరుచుకుంటుంది. బంతి గట్టి ప్లాస్టిక్, బ్యాట్‌కి టెన్నిస్ రాకెట్‌లా తీగలుండవు, అదీ గట్టి పలకే, అందుకే ప్రతి దెబ్బకీ టక్ టక్ మంటుంది. నాలుగు కోర్టుల్లో ఒకేసారి ఆడితే రాత్రి దాకా ఆ చప్పుడు ఆగదు. ఆమెకి నిద్రమాత్ర వేసుకున్నా రాత్రి రెండింటిదాకా కన్ను మూతపడదు, సాయంత్రం పట్టే ఆ గంట కునుకే ఆమెకి ఆధారం.

సి-502:
సార్, ఆ 27 మందిలో నేనూ ఒకణ్ణి. అమ్మగారి ఇబ్బంది అర్థమైంది, కానీ మన దగ్గర టెన్నిస్ ఆడేవాళ్ళు ఎంతమంది? గట్టిగా లెక్కేస్తే ఐదారుగురు. చుట్టూ ఖాళీతో కలిపి 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు జాగాని ఇద్దరి కోసమో నలుగురి కోసమో అట్టిపెట్టుకున్నాం. పికిల్‌బాల్ కోర్టు 44 ఇంటూ 20, షటిల్ డబుల్స్ కోర్టు అంతే, అదే జాగాలో 16 మంది ఆడొచ్చు. మా అమ్మకి 58, మోకాళ్ళ నొప్పులకి షటిల్ మానేసింది. ఇది మాత్రం వారంలో పట్టేసింది, ఇప్పుడు నన్నే రమ్మని తొందరపెడుతోంది. అందరి డబ్బుతో నడిచే జాగా ఎక్కువమందికి పనికిరావాలి కదా.

ఏ-103:
టెన్నిస్ ఆడేవాళ్ళు లేరన్నది నిజమే బాబూ, కానీ ఆ కోర్టు ఖాళీగా ఎప్పుడుంది చెప్పు? పొద్దున ఐదున్నరకి మేం నడిచేది అక్కడే, కార్లు రావు కాబట్టి. స్కూల్ బస్సు దిగాక చిన్నపిల్లలు సైకిల్ నేర్చుకునేదీ అక్కడే. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా బతుకమ్మలు పెట్టేదీ అక్కడే. కిందటేడు సద్దుల నాడు మూడు వరసలుగా తిరిగాం, మర్నాడు పొద్దున చూస్తే తంగేడు రెక్కలు నేల పగుళ్ళలో ఇరుక్కుని ఉన్నాయి, నేనూ పక్కింటావిడా కూర్చుని చీపురుపుల్లతో తీశాం. ఇప్పుడు నాలుగు నెట్లకి ఎనిమిది ఇనుప స్తంభాలు నేలలో పాతితే మేం ఎక్కడ తిరగాలి? పార్కింగ్‌లో కార్ల మధ్యనా?

డి-301:
రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14 ప్రకారం కామన్ ఏరియా మార్చాలంటే మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అంటే మనకి 124 సంతకాలు. 27 చేతులు చెల్లవు.

ఇ-105 (మాజీ ట్రెజరర్):
అది బిల్డర్‌ని కట్టడి చేయడానికి పెట్టిన సెక్షన్ అండి, అప్పగింతలు అయిపోయాక అసోసియేషన్ సొంతంగా చేసే మార్పుకి నేరుగా అదే పట్టుకుంటే వాదన నిలబడదు. మనకి గట్టి ఆధారం మన బైలాలే, అంటే అసోసియేషన్ సొంత నియమాలు. కామన్ ఏరియా వాడకం మార్చడానికీ కార్పస్ తీయడానికీ స్పెషల్ రిజల్యూషన్ (మామూలుకన్నా ఎక్కువ మంది ఒప్పుకోవాల్సిన తీర్మానం) కావాలి, ఆ విషయం నోటీసులో స్పష్టంగా ఉండాలి అని అందులో రాసుంది. నోటీసులో ఏముంది? ‘స్పోర్ట్స్ ఏరియా మెయింటెనెన్స్’. అది చదివి ఎవరైనా కోర్టు తీసేస్తారని అనుకుంటారా? నా బాధల్లా ఇదే. కార్పస్ ఉన్నది లిఫ్టులకీ జనరేటర్‌కీ. బి బ్లాక్ లిఫ్టు రోప్ మార్చాలని సర్వీసువాళ్ళు రెండుసార్లు రాసిచ్చారు, అది పక్కనపెట్టి ఫ్లడ్‌లైట్లా? చప్పుడు మాటకొస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పదినుంచి పొద్దున ఆరుదాకా 45 అని పరిమితి ఉంది. కోర్టు వేశాక కొలిపించి తగువు పడేకన్నా ముందే చూసుకోవడం మేలు.

ఎఫ్-404:
నేను అద్దెకుంటున్నా, నాకు ఓటు లేదు. నాలుగేళ్ళుగా మెయింటెనెన్స్ మాత్రం నేనే కడుతున్నా. మా పాప సైకిల్ నేర్చుకుంటున్నది ఆ కోర్టులోనే, ఇంకా పక్కచక్రాలు తీయలేదు. మమ్మల్ని కనీసం అడగండి.

బి-207:
నా మాట ఒక్కటే, తర్వాత వెనక్కి తీసుకోలేని పని ముందు చేయొద్దు. కోర్టు నేల బాగుచేయిద్దాం, టెన్నిస్ గీతలు ఉంచి వేరే రంగుతో పికిల్‌బాల్ గీతలు గీయిద్దాం. చక్రాల మీద తోసుకెళ్ళే నెట్లు దొరుకుతాయి, ఆట అయ్యాక మడిచి పెట్టేయొచ్చు. టెన్నిస్ నెట్ మధ్యలో 36 అంగుళాలు, పికిల్‌బాల్‌కి 34, ఉన్న నెట్‌తోనే ఒక కోర్టు మొదలుపెట్టినా నడుస్తుంది. స్తంభాలు పాతక్కర్లేదు, బతుకమ్మకీ అడ్డుండదు.

సి-502:
సార్, చక్రాల నెట్లు గాలికి కదులుతాయి, పైగా రోజూ తీసి పెట్టేదెవరు? వారం బాగానే సాగుతుంది, తర్వాత స్టోర్‌రూమ్‌లో పడుంటాయి. కనీసం రెండు కోర్టులైనా పర్మనెంట్‌గా కావాలి, కాంపౌండ్ గోడ వైపు అయినా సరే, అటు కిటికీలు లేవు. ఇ-105 గారు చెప్పిన నోటీసు తప్పు మాత్రం ఒప్పుకుంటున్నా, నేనూ అది సరిగా చదవలేదు. మళ్ళీ పిలిచి రాతపూర్వకంగా ఓటు పెట్టమని కమిటీకి నేనూ సంతకం చేస్తా.

ఏ-103:
గోడ వైపు రెండే అయితే మాకు మిగిలిన సగం సరిపోతుందో లేదో కొలిచి చూడాలి. ఊరికే అవునంటే రేపు పండగప్పుడు గొడవ.

సి-502:
నా దగ్గర ఒక మడత నెట్ ఉంది ఆంటీ. ఆదివారం సాయంత్రం గోడ వైపు వేసి నలుగురం ఆడతాం, మీరు టేపు తెప్పించి కొలవండి.

బి-207:
ఆరింటికి మొదలుపెట్టండి, అమ్మ పడుకునేది అప్పుడే. కిటికీ తీసే ఉంచుతాను, నేను ఆ గదిలోనే కూర్చుంటా. ఎలా వినిపించిందో ఇక్కడే రాస్తాను.