తొలి స్క్రిప్టు సినిమాగా రాబోతోంది: సంతకానికి ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు రాసుకున్న నా స్క్రిప్టును చిన్న బడ్జెట్‌లో తీస్తామని ఒక నిర్మాత ముందుకు వచ్చారు. ఇప్పటివరకు అంతా నోటిమాటే. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు 1: కాపీరైటు చట్టం, 1957 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది, అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని పరిగణిస్తారు కనుక, ఓటీటీ, రీమేక్ హక్కులను విడివిడిగా రాయించుకోండి. తెరపై పేరు ఎక్కడ పడాలో కూడా రాయించండి. నా మొదటి కథకు నా పేరు చివర్లో, భోజనాల ఏర్పాట్లు చూసినవారి పక్కన పడింది.

జవాబు 2: కాగితంతో పాటు కత్తిరించుకునే ఓపికా కావాలి. 2018లో విడుదలైన 'కేరాఫ్ కంచరపాలెం'లో నటించినవారిలో అత్యధికులు విశాఖలోని ఆ ప్రాంతవాసులే. చేతిలో ఉన్న మనుషులకు, వీధులకు తగ్గట్టు రాస్తే ఖర్చు దానంతటదే తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. వాన సన్నివేశాలు మూడున్నాయి, ఒక్కటే ఉంచుతాను.