తలసరి కొబ్బరి సరఫరా: 1961 నుంచి గీసిన గీత 2010 దగ్గర ఎందుకు తెగుతోంది?

గంటస్తంభం (ప్రశ్న):
నమస్కారమండీ. విజయనగరంలో డిగ్రీ పిల్లల ప్రాజెక్టు కోసం, మన దేశంలో మనిషికి ఏడాదికి ఎంత కొబ్బరి అందుతోందో గ్రాఫు వేయిస్తున్నాం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఏ.ఓ.) ఫుడ్ బ్యాలెన్స్ షీట్లలో, అంటే ఏ దేశంలో ఏ ఆహారం ఎంత పండి ఎటు పోయిందో చూపే పట్టికల్లో, కొబ్బరిని, ఎండు కొబ్బరిని కలిపి చూపే 2560 నంబరు వరుస తీసుకున్నాం. మూడు చోట్ల ఆగిపోయాం. పాత ఫైలు 1961 నుంచి 2013 దాకా ఉంది, కొత్తది 2010లో మొదలవుతోంది, రెండింటిలోనూ ఉన్న ఏళ్లకు అంకెలు కలవడం లేదు. మన ప్రభుత్వ లెక్క కాయల్లో, వాళ్లది టన్నుల్లో ఉంది. ఇక తిత్లీ తుఫానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటలు అంతలా నేలకూలినా, 2018 తర్వాత దేశం గీతలో ఆ గుంట ఎక్కడా కనబడదు. డేటా తప్పా, మేం చూడటంలో తప్పా?

బారువ తీరం:
డేటా తప్పు కాదు మాస్టారూ, రెండు ఫైళ్లనూ ఒకే గీతగా కలపడమే తప్పు. 2010 నుంచి మొదలయ్యే కొత్త ఫైలులో లెక్కగట్టే పద్ధతి మారింది, జనాభా అంచనాలూ మారాయి. పాత పద్ధతిలో విత్తనం, వృథా, మిల్లుకు వెళ్లింది అన్నీ తీసేశాక మిగిలినదాన్ని చాలాసార్లు తిండి పద్దులో వేసేవారు. ఉత్పత్తి అంచనాలో ఏ పొరపాటు జరిగినా అది నేరుగా మన కంచంలో తేలేది. కొత్త పద్ధతిలో ఆ తేడాను ఒక్క పద్దుకే నెట్టకుండా మిగతా పద్దుల మధ్య కూడా సర్దుతారు.

చేయాల్సింది ఇది. 2010, 2011, 2012, 2013 నాలుగేళ్లకూ కొత్త అంకెను పాత అంకెతో భాగించండి. నాలుగు భాగఫలాలూ దగ్గరదగ్గరగా ఉంటే ఆ నిష్పత్తితో పాత గీతను జరపవచ్చు, జరిపినట్టు గ్రాఫు కిందే రాయాలి. అవి ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే జరపకండి. రెండు గీతలు, రెండు రంగులు, మధ్యలో ఖాళీ.

ఇంకో పరీక్ష కూడా పెట్టించండి. రోజువారీ క్యాలరీలను 365తో గుణించి ఆ ఏటి కిలోలతో భాగిస్తే, కిలోకి ఎన్ని క్యాలరీలో వస్తుంది. ఆ అంకె ఒక ఏడాది ఉన్నట్టుండి ఎగిరితే జనం తిండి మారిందని రాసేయకండి. లెక్కగట్టిన గుణకమో, పచ్చి కొబ్బరి, ఎండు కొబ్బరి పాళ్లో మారి ఉంటాయి.

కవిటి తోట:
కాయలు, టన్నుల సంగతి నేను చెబుతా. దేశంలో ఏడాదికి సుమారు 2000 కోట్ల కాయలు, టన్నుల్లో 1.4 కోట్లకు అటూ ఇటూ. భాగిస్తే కాయకు 700 గ్రాములు. చెట్టు నుంచి దింపిన కాయ పీచుతో కిలో పైనే తూగుతుంది. కాబట్టి ఇది పీచు వలిచి, నీళ్లతో, చిప్పతో తూచిన బరువన్నమాట.

మన తూర్పుతీర పొడుగు రకం కాయలు వెయ్యి తీసుకోండి. పీచు తీస్తే 600 నుంచి 700 కిలోలు. పగలగొట్టి చిప్ప తీస్తే తినే పచ్చి కొబ్బరి 250 నుంచి 300 కిలోలు. తేమ 6 శాతానికి దిగేలా ఎండబెడితే ఎండు కొబ్బరి 130 నుంచి 150 కిలోలు. గానుగకు వేస్తే అందులో 62 నుంచి 65 శాతం నూనె, అంటే 85 నుంచి 95 కిలోలు. ఒకే వెయ్యి కాయలకు ఇన్ని బరువులున్నాయి. ఎవరైనా ‘టన్ను కొబ్బరి’ అంటే ముందు అడగాల్సింది ఏ దశలో టన్ను అని.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, నూనెను రెండుసార్లు కలపడం. కొబ్బరినూనెకు 2578 అని విడి వరుస ఉంది. 2560లో మిల్లుకు పోయిన భాగం ప్రాసెసింగ్ పద్దులో కనబడుతుంది, దాన్నుంచి వచ్చిన నూనె 2578లో తేలుతుంది. 2560 ఉత్పత్తి మొత్తానికి 2578 కలిపితే ఒకే కాయను రెండుసార్లు తిన్నట్టు.

బొండాలు ఇంకో మెలిక. 7, 8 నెలల లేత కాయ కూడా లెక్కలో ఒక కాయే, కానీ లోపల మీగడలాంటి పొర తప్ప కొబ్బరి ఉండదు. రోడ్డు పక్క బొండాల అమ్మకం పెరిగేకొద్దీ అన్నే కాయలకు వంటింట్లోకి వచ్చే కొబ్బరి తగ్గుతుంది. మొత్తం కాయల అంకె ఈ మార్పును దాచేస్తుంది.

వజ్రపుకొత్తూరు:
తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు తోటలకు అది ఎంత దెబ్బో ఇక్కడ చెప్పనక్కర్లేదు. దేశం గీతలో ఎందుకు కనబడదో లెక్క వేయండి. లక్ష చెట్లు పోయాయనుకుందాం. చెట్టుకు ఏటా 70 కాయలైతే 70 లక్షలు. 2000 కోట్లలో అది 0.035 శాతం. పది లక్షల చెట్లన్నా 0.35 శాతమే. కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో ఒక మంచి వానాకాలం ఆ లోటును కప్పేస్తుంది. కాబట్టి ఈ దెబ్బను దేశం పట్టికలో వెతకవద్దు, జిల్లా ఉద్యానశాఖ లెక్కల్లో వెతకాలి.

జిల్లా లెక్కలోనైనా 2018లోనే గుంట కోసం చూస్తే మోసపోతారు. కూలిన చెట్టు, మొవ్వు విరిగిన చెట్టు అప్పుడే పోయాయి. కొబ్బరికి పెరిగే చోటు అదొక్కటే, పక్క నుంచి చిగురు రాదు. కానీ నిలిచిన చెట్ల సంగతి వేరు. పెద్ద చెట్టు ఏటా 12 నుంచి 14 కొత్త మట్టలు వేస్తుంది, ప్రతి మట్ట పంగలో ఒక గెల. మట్టలు చీలిపోయాక ఆ బలం లేక పిందె రాలుతుంది. పొత్తి (పూగుత్తి) విచ్చుకున్నాక కాయ ముదరడానికే 11, 12 నెలలు. పొత్తి మొలక మొవ్వులో పుట్టిన నాటి నుంచి లెక్కేస్తే కాయ చేతికి రావడానికి సుమారు 44 నెలలు. ఎండ దెబ్బయినా, గాలి దెబ్బయినా రెండు మూడేళ్లు సాగుతుంది. మళ్లీ నాటిన పొడుగు రకం మొక్క కాపుకు రావడానికి 6, 7 ఏళ్లు, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. అందుకే 2018 నుంచి 2025 దాకా మొత్తం గుంటగా చూపాలి. దాని మీదే రూగోస్ సర్పిలాకార తెల్లదోమ అనే పురుగు కూడా పడింది. అది దేశంలో మొదట కనబడింది 2016లో. ఆకు మీద మసిబూజు కట్టించి దిగుబడి తగ్గిస్తుంది. రెండింటి నష్టాన్నీ ఒక్క తుఫాను ఖాతాలో రాయకండి.

గంటస్తంభం:
చాలా ఉపయోగపడిందండీ. ఒక్క సందేహం. 1.4 కోట్ల టన్నులను 140 కోట్ల జనంతో భాగిస్తే మనిషికి 10 కిలోలు. అంటే ఏడాదికి 10 కిలోల కొబ్బరి తింటున్నట్టేనా?

కవిటి తోట:
కాదండీ. ఆ 10 కిలోలు చిప్ప, నీళ్లతో సహా, అంటే సుమారు 14 కాయలు. తినే భాగం 4 కిలోలు. అందులోంచి నూనెకు, విత్తనానికి, ఎగుమతికి, వృథాకు పోయింది తీయాలి. మిగిలింది కూడా ‘అందుబాటు’, తిన్నది కాదు. తిన్నదానికి దగ్గరగా రావాలంటే జాతీయ శాంపిల్ సర్వే వారి 2022-23, 2023-24 గృహ వినియోగ సర్వేలు చూడండి. అక్కడ కొబ్బరికాయ, బొండాం, ఎండు కొబ్బరి వేర్వేరు వరుసలు. కాయ, బొండాం బరువులో కాదు, ఎన్ని అనే అడుగుతారు. గుడిలో కొట్టిన కాయ చెక్క ఇంటికొచ్చి పచ్చడైతే అది పూజ ఖర్చో తిండి ఖర్చో ఇంటివాళ్లు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది. మన వైపు సిరిమానోత్సవం నెలలో అది చిన్న లెక్క కాదు.

నిల్వల పద్దును కూడా సున్నా అనుకోవద్దు. గోదావరి జిల్లాల్లో కురిడీ (కాయలోపలే ఎండిన కొబ్బరి) కోసం అటకెక్కించిన కాయ నెలల తరబడి అక్కడే ఉండి మరుసటి ఏడాది అమ్ముడవుతుంది. మన లెక్క పంట సంవత్సరానిది, ఎఫ్.ఏ.ఓ.ది జనవరి నుంచి డిసెంబరు. అందుకని ఒక్కో ఏడాదిని విడిగా పోల్చకుండా మూడేళ్ల సగటు గీయించండి.

బారువ తీరం:
జిల్లా గీత గీస్తే ఇంకొకటి చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ వైపు పార్వతీపురం మన్యంలోకి, రాజాం వైపు విజయనగరంలోకి వెళ్లాయి. ఉద్దానం శ్రీకాకుళంలోనే ఉంది కనుక మొత్తం కాయలు పెద్దగా మారవు, కానీ తలసరి లెక్కలో భాగించే జనాభా తగ్గిపోతుంది. మండలాలవారీగా తీసుకుని పాత హద్దుల ప్రకారం కూడించండి. గ్రాఫు నిలువు గీత పక్కన ‘చిప్పతో కిలోలు’ అని రాయించడం మరవకండి.