అప్‌డేట్: కింద బోసిపోయిన గోరింట కంచె మళ్లీ చిగిర్చింది

8 అడుగులు పెరిగి, కింద మోకాలెత్తు దాకా ఆకే లేని గోరింట కంచెను బాగా కిందికి కొట్టేయొచ్చా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

తొలకరి పడ్డాక అడుగు ఎత్తు ఉంచి కోసేయమన్న సలహానే పనిచేసింది. రంపంతో, ఏటవాలుగా కోయాలి. కత్తితో నరికితే మొదలు చీలి, నీళ్లు దిగి కుళ్లుతుంది. బొటనవేలికన్నా లావైన కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగుళ్లు రాకుండా వాడే మందు) ముద్ద పూశాం. ముదురు బెరడు చీల్చుకుని ఆవగింజంత మొగ్గలు వరసగా లేచాయి, చూస్తే ప్రాణం లేచొచ్చింది! చిగుళ్లు జానెడు అయ్యాక కొసలు తుంచితేనే గుబురు కడుతుంది.

జవాబుల్లో వచ్చిన తెగులు అనుమానం, యూరియా సలహా రెండూ అనవసరం. పైకొమ్మల నీడకే కింద ఆకు రాలిందని నర్సరీ ఆయన చూసి చెప్పారు. కాబట్టి ఇకపై కత్తిరింపులో కింద వెడల్పు, పైన సన్నం.

థుజా (పొలుసుల్లాంటి ఆకులుండే అలంకరణ మొక్క) కంచెకు మాత్రం ఇలా చేయకండి, ఆకులేని ముదురు కొమ్మ నుంచి అది చిగురించదు.