స్టడీ హాల్ వైఫైలో ఒక్కొక్కరికి 5 ఎంబీ లిమిట్ పెట్టాను, అస్సలు పనిచేయడం లేదు

స్టడీహాల్ అన్న:
పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మాది చిన్న స్టడీ హాల్, రెండు అంతస్తులు, 60 సీట్లు. అందరూ గ్రూప్స్‌కి చదివే పిల్లలే, అందరికీ ఆన్‌లైన్ క్లాసులే. సాయంత్రం ఆరు దాటిందంటే ఒకడి ఫోన్‌లో క్లాసు గిర్రున తిరుగుతూనే ఉంటుంది, పక్క సీటువాడు హాయిగా సినిమా డౌన్‌లోడ్ చేసుకుంటాడు. ఇక లాభం లేదని రౌటర్‌లోకి వెళ్లి ఒక్కొక్కరికి 5 ఎంబీ లిమిట్ పెట్టాను. సేవ్ కూడా చేశాను. అయినా నా ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 140 వస్తోంది. లిమిట్ పెట్టాక 140 ఎలా వస్తుంది? ఇద్దరు పిల్లలు ఫీజు వెనక్కి ఇమ్మంటున్నారు. తెలిసినవాళ్లు కాస్త తొందరగా చెప్పండి, ప్లీజ్.

నైట్ షిఫ్ట్:
ఏ రౌటర్? లిమిట్ ఎక్కడ పెట్టారు? లైన్ ఎంత?

సిగ్నల్ శాస్త్రి:
అసలు మీ సమస్య లిమిట్ కాదండీ, గాలి. అశోక్‌నగర్ సందుల్లో బిల్డింగుకొక స్టడీ హాల్, హాలుకు రెండు మూడు వైఫైలు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని ఛానళ్లు మూడే మూడు: 1, 6, 11. చాలామంది ఆటోలో వదిలేస్తారు, అదేమో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు తీసుకుని పక్కవాళ్ల నెత్తిన కూర్చుంటుంది. ముందు దాన్ని 20కి దించండి. గోడ వెనక మూల సీటువాడి ఫోన్ సిగ్నల్ అందక తక్కువ రేటుకు దిగిపోతుంది, అదే వీడియోకి మిగతావాళ్ల కంటే ఎక్కువ సేపు గాలిని పట్టుకుని ఉంటుంది. మీరు రౌటర్‌లో 5 పెట్టినా 50 పెట్టినా ఆ ఒక్కడు హాలంతటినీ ఆపేస్తాడు. వీలైనన్ని ఫోన్లని 5 గిగాహెర్ట్జ్‌కి తోసేయండి. ఈ మాట ఈ గ్రూపులో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

రూల్స్ రావు:
సెట్టింగుల సంగతి తర్వాత. ఇది ఇంటి ప్లానా, బిజినెస్ ప్లానా? ఇంటి ప్లాన్ తెచ్చి 60 మందికి పంచితే కంపెనీవాడు ఏ రోజైనా కట్ చేస్తాడు, అప్పుడు మీ లిమిట్లూ ఉండవు, ఏమీ ఉండవు. పైగా ఇంటి ప్లాన్లలో చాలావాటికి నెలకు 3300 జీబీ దాటితే స్పీడు పడిపోతుంది. 60 మంది వీడియోలు చూస్తే నెలాఖరు దాకా కూడా రాదు. సక్రమంగా చేయాలనుకుంటే పీఎం వాణి అని పబ్లిక్ వైఫై పథకం ఉంది. 2020 డిసెంబరులోనే కేంద్ర కేబినెట్ ఆమోదించింది. అందులో పీడీఓగా, అంటే వైఫై అమ్మే చిన్న కేంద్రంగా, చేరడానికి లైసెన్సు అక్కర్లేదు, ఫీజూ లేదు, చిన్న కొట్టు పెట్టుకున్నవాడు కూడా వైఫై అమ్ముకోవచ్చు. 200 ఎంబీపీఎస్ వరకు ఇంటి ప్లాన్లను పీడీఓలకు రెండింతల ధర మించకుండా ఇవ్వాలని 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం కూడా ఇచ్చింది. చదువుకున్నవాళ్లు కూడా ఇవేమీ చూడరు.

బిట్టు బైట్లు:
5 ఎంబీ అన్నారు. మెగాబిట్లా, మెగాబైట్లా? రౌటర్‌లో పెట్టేది బిట్లు. 5 మెగాబిట్లు అంటే డౌన్‌లోడ్ విండోలో 0.6 మెగాబైట్లే కనిపిస్తుంది. ఆ తేడా తెలియకుండా 140 వస్తోందంటే ఏం చెప్పాలి?

స్టడీహాల్ అన్న:
బిట్టు గారూ, బిట్లో బైట్లో, 5కీ 140కీ తేడా నాకు తెలుసండీ.
రావు గారూ, ప్లాన్ బిజినెస్‌దే, నెలనెలా జీఎస్టీ బిల్లు వస్తుంది. లైన్ 200.
రౌటర్ మైక్రోటిక్, ఐదు పోర్టుల చిన్న తెల్ల డబ్బా. వైఫై డబ్బాలు వేరే, కింద ఒకటి, పైన ఒకటి. లిమిట్ క్యూస్‌లో పెట్టాను, అదే, స్పీడు లిమిట్లు పెట్టే మెనూలో. ఇవన్నీ పెట్టిన కుర్రాడు బెంగళూరు వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడు.

నైట్ షిఫ్ట్:
ఫాస్ట్‌ట్రాక్ ఆన్‌లో ఉంది. ఆపండి.

స్టడీహాల్ అన్న:
అదెక్కడుంటుంది అన్నా? క్యూస్‌లో వెతికాను, లేదు.

పాతబస్తీ నెట్:
క్యూస్‌లో ఉండదు భాయ్, ఫైర్‌వాల్‌లో ఉంటుంది. మైక్రోటిక్ డబ్బాతో వచ్చే సెట్టింగుల్లోనే ఈ రూల్ ఉంటుంది. కనెక్షన్ ఒకసారి కుదిరాక దాన్ని షార్ట్‌కట్‌లో పంపేస్తుంది, రౌటర్ మీద బరువు తగ్గడానికి. ఆ షార్ట్‌కట్‌లో పోయేది సింపుల్ క్యూలను తాకనే తాకదు. విన్‌బాక్స్‌లో, అంటే మైక్రోటిక్ సెట్టింగులు తెరిచే సాఫ్ట్‌వేర్‌లో, మీ క్యూ పక్కన బొమ్మ చూడండి. లిమిట్‌లో సగం లోపు వాడితే పచ్చగా, ముప్పావు వరకు పసుపు, ఆపైన ఎరుపు అవుతుంది. హాల్ నిండా జనం ఉన్నా మీది పచ్చగానే ఉంటే అసలు ట్రాఫిక్ అందులోకి రావడం లేదని అర్థం.

ఐపీ, ఫైర్‌వాల్, ఫిల్టర్ రూల్స్‌కి వెళ్లండి. ఫాస్ట్‌ట్రాక్ అని కామెంట్ ఉన్న రూల్ ఉంటుంది, దాన్ని సెలెక్ట్ చేసి ఎర్ర ఇంటూ నొక్కండి. డిలీట్ మాత్రం చేయొద్దు. పైన ‘డి’ అని ఇంకోటి కనిపిస్తుంది, అది లెక్క చూపించడానికే, దాని జోలికి వెళ్లకండి. తర్వాత రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి, లేకపోతే అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు పాత దారిలోనే పోతుంటాయి. సీపీయూ కాస్త పెరుగుతుంది. 200 లైన్‌కి ఆ డబ్బా తట్టుకుంటుంది.

సిగ్నల్ శాస్త్రి:
ఇదంతా వైరు దగ్గర పని. గాలి సంగతి మళ్లీ ఎవరూ అడగలేదు.

బిట్టు బైట్లు:
ఇంకో మాట. మీకు కావలసినది లిమిట్ కాదు, షేపింగ్. ఎక్కువైన ప్యాకెట్‌ని పడేస్తే అది లిమిట్, వరసలో ఆపి నెమ్మదిగా పంపితే షేపింగ్.

నైట్ షిఫ్ట్:
ఆయనకి పిల్లలు తిట్టకుండా ఉంటే చాలు.

గుంటూరు ల్యాబ్:
ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మాది డయాగ్నస్టిక్ ల్యాబ్. రిపోర్టులు వాట్సాప్‌లో పంపేటప్పుడు అప్‌లోడ్ నిలిచిపోతోంది, వెయిటింగ్‌లో కూర్చున్నవాళ్ల ఫోన్లవల్లేనా? మాది మైక్రోటిక్ కాదు, పేరున్న కంపెనీదే, ఆ రెండు యాంటెన్నాలది.

స్టడీహాల్ అన్న:
ఫాస్ట్‌ట్రాక్ ఆపాను, రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు హాల్ మొత్తం చచ్చిపోయింది!! నా ఫోన్‌లో 0.3 వస్తోంది. క్యూ పక్కన బొమ్మ ఎర్రగా మండుతోంది. పిల్లలు కిందకి దిగొచ్చి నా టేబుల్ చుట్టూ నిలబడ్డారు. మళ్లీ పాతదే పెట్టేయనా?

పాతబస్తీ నెట్:
ఆగండి, వెనక్కి వెళ్లకండి. క్యూలో టార్గెట్ ఏం పెట్టారో అలాగే ఇక్కడ రాయండి.

స్టడీహాల్ అన్న:
192.168.88.0/24. మ్యాక్స్ లిమిట్ రెండు వైపులా 5ఎం.

పాతబస్తీ నెట్:
అదీ సంగతి. పంక్తిలో ఒక్కో ఆకుకి ఒక గరిటె అని చెప్పడం వేరు, పంక్తి మొత్తానికి ఒక్క గరిటె పెట్టి వెళ్లిపోవడం వేరు. మీ క్యూ రెండోది. హాలంతటికీ కలిపి 5 మెగాబిట్లు. ఇంతసేపూ ఫాస్ట్‌ట్రాక్ పుణ్యమా అని అది పనిచేయలేదు కాబట్టి బతికిపోయారు.

మీకు కావలసింది పీసీక్యూ. అడ్రస్ అడ్రస్‌నీ విడదీసి ఉన్నదాన్ని సమానంగా పంచుతుంది. అదే క్యూ తెరిచి మ్యాక్స్ లిమిట్ అప్‌లోడ్‌కి 180ఎం, డౌన్‌లోడ్‌కి 180ఎం చేయండి. లైన్ 200 కదా అని 200 పెట్టొద్దు. కొంచెం తక్కువ పెడితేనే రద్దీ మీ రౌటర్ దగ్గర ఆగుతుంది, పంచడం మీ చేతిలో ఉంటుంది. లేకపోతే కంపెనీవాడి డబ్బాలో ఆగుతుంది, అక్కడ మీ మాట ఎవడూ వినడు. అడ్వాన్స్‌డ్‌లో క్యూ టైప్ అని ఉంటుంది, అప్‌లోడ్ దానికి పీసీక్యూ అప్‌లోడ్ డిఫాల్ట్, డౌన్‌లోడ్ దానికి పీసీక్యూ డౌన్‌లోడ్ డిఫాల్ట్.

రేట్ 0గా ఉంటుంది, అంటే మనిషికి గట్టి లిమిట్ లేదని, అలాగే ఉంచండి. మధ్యాహ్నం పది మందే ఉంటే తలా 18 వస్తుంది, సాయంత్రం 60 మందీ ఒకేసారి లాగితే తలా 3 వస్తుంది. యూట్యూబ్ వాళ్ల లెక్క ప్రకారం 720 క్లాసుకి 2.5 చాలు, 1080కి 5 కావాలి. పిల్లలకి 720లో పెట్టుకోమని గోడ మీద రాయండి. గట్టిగా 5 అని కట్టేస్తే ఖాళీ టైమ్‌లో లైన్ ఊరికే పడుంటుంది.

ఒక్కటి మాత్రం మార్చాలి. క్యూ టైప్స్‌లో పీసీక్యూ లిమిట్ 50, టోటల్ లిమిట్ 2000 ఉంటాయి. ఇవి స్పీడు కాదు, వరసలో ఆగిన డేటాకి చోటు: ఒక్కొక్కరికి 50, అందరికీ కలిపి 2000. అంటే 40 మంది వరుసలు నిండితే అయిపోయింది. మీకు 60 సీట్లు, మనిషికొక ఫోన్, కొందరికి ల్యాప్‌టాప్ కూడా. టోటల్ 6000 చేయండి, అప్‌లోడ్‌కీ డౌన్‌లోడ్‌కీ.

నైట్ షిఫ్ట్:
కౌంటర్ పీసీకి, సీసీ కెమెరాకి వేరే క్యూ. దాన్ని ఈ క్యూకి పైన పెట్టాలి. కింద పెడితే దండగ.

రూల్స్ రావు:
సీసీ కెమెరా అన్నారు కాబట్టి చెబుతున్నా, పిల్లల ఫోన్లు, మీ ఆఫీస్ కెమెరా ఒకే నెట్‌వర్క్‌లో ఉండటమే తప్పు. ఎవడైనా కెమెరాలోకి దూరితే బాధ్యులు మీరే.

పాతబస్తీ నెట్:
రావు సాబ్ ఈ ఒక్క మాట కరెక్ట్. కానీ అది ఇంకో రోజు పెట్టుకుందాం.

స్టడీహాల్ అన్న:
అన్నా, కింద సూపర్. వరసగా పది ఫోన్లలో చూశాను, అన్నిట్లో దాదాపు ఒకేలా వస్తోంది, సినిమా బాబు మొహం మాడిపోయింది. కానీ పై అంతస్తువాళ్లు ఇంకా తిడుతున్నారు. పైన 25 మంది ఉన్నారు, అందరికీ ఘోరంగా ఉంది. సిగ్నల్ మాత్రం ఫుల్.

సిగ్నల్ శాస్త్రి:
ఛానల్ చూడండి అంటే విన్నారా?

నైట్ షిఫ్ట్:
పైన ఉన్న ఫోన్‌లో ఐపీ అడ్రస్ చూసి చెప్పండి.

స్టడీహాల్ అన్న:
192.168.0.114

నైట్ షిఫ్ట్:
పై డబ్బా రౌటర్ మోడ్‌లో ఉంది. యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చండి.

పాతబస్తీ నెట్:
వివరంగా చెబుతా. కింద ఫోన్లకి 88 వరస వస్తోంది, పైన 0 వరస. అంటే పై డబ్బా తనే ఇంకో రౌటర్‌లా కూర్చుని 25 మందినీ ఒకే అడ్రస్ వెనక దాచేస్తోంది. మైక్రోటిక్‌కి వాళ్లంతా ఒకే మనిషి, అందుకే 25 మందికీ కలిపి ఒక్కడి వాటానే ఇస్తోంది. దాని సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (రౌటర్ పని మానేసి వైఫై మాత్రమే ఇచ్చేది) ఉంటే అది చాలు. లేకపోతే దానికి 192.168.88.2 అని అడ్రస్ ఇచ్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రస్‌లు పంచేది) ఆపేసి, కేబుల్‌ని వ్యాన్ (బయటి నెట్ వచ్చే) పోర్టులోంచి తీసి లాన్ (లోపలి) పోర్టులో గుచ్చండి. ముందు అడ్రస్, తర్వాత డీహెచ్‌సీపీ, ఆఖర్న కేబుల్. క్రమం తప్పితే పాస్‌వర్డ్ పేజీ కూడా తెరుచుకోదు, రీసెట్ పిన్ను కోసం వెతుక్కోవాలి.

గుంటూరు ల్యాబ్:
నా ప్రశ్న ఎవరైనా చూశారా?

నైట్ షిఫ్ట్:
మోడల్ పేరు రాయకుండా ఎవరూ చూడరు.

బిట్టు బైట్లు:
యాక్సెస్ పాయింట్ మోడ్, బ్రిడ్జ్ మోడ్ ఒకటి కాదు, ఆయన అది కలిపి మార్చేస్తాడేమో జాగ్రత్త.

పాతబస్తీ నెట్:
ఆయన కలపలేదు, నువ్వే కలుపుతున్నావ్.

బిట్టు బైట్లు:
కంపెనీవాళ్లే రెండు పేర్లూ కలిపి వాడతారు, నన్నంటారేంటి. ఒక్కోడు రిపీటర్‌ని కూడా బ్రిడ్జ్ అంటాడు.

స్టడీహాల్ అన్న:
పైన కూడా 88 వస్తోంది ఇప్పుడు, గొడవ తగ్గింది. సాయంత్రం రద్దీలో చూడాలి. థాంక్స్ అన్నా, థాంక్స్ నైట్ షిఫ్ట్ గారూ. అన్నట్టు పైనున్న ప్రింటర్ ఇప్పుడు కనిపించడం లేదు, హాల్ టికెట్లు ప్రింట్ తీసుకుంటారు పిల్లలు.

నైట్ షిఫ్ట్:
ప్రింటర్‌కి పాత 0 వరస అడ్రస్ ఫిక్స్ చేసి ఉంటుంది. మార్చండి.

స్టడీహాల్ అన్న:
ప్రింటర్ మెనూలో ఎక్కడుంటుంది అది?

సిగ్నల్ శాస్త్రి:
ప్రింటర్ ఏ బ్యాండ్‌లో ఉంది? చాలా ప్రింటర్లు 2.4 మాత్రమే పట్టుకుంటాయి.