ఉబుంటు 24.04 బీటా: షాపు సిస్టంలో ఇప్పుడే వేయొచ్చా? (ఏప్రిల్ 2024)

నరసన్నపేట_డీటీపీ:
అందరికీ నమస్కారం. నరసన్నపేటలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నాది. శుభలేఖలు, స్కూళ్ళ క్వశ్చన్ పేపర్లు, ఇప్పుడైతే ఎన్నికల కరపత్రాలు. వచ్చే నెల 13న పోలింగ్ కదా, రాత్రి దాకా పని ఉంటోంది. సిస్టంలో ఉన్నది ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం, 22.04 వెర్షన్. చుట్టుపక్కల షాపులు పేజ్‌మేకర్, అను ఫాంట్లతో నడుస్తాయి. నేను మాత్రం ఇంక్‌స్కేప్, లిబ్రేఆఫీస్ అనే ఉచిత ప్రోగ్రాముల్లో, వాట్సాప్ లాంటివి వాడే యూనికోడ్ తెలుగులోనే చేస్తాను. వాట్సాప్‌లో వచ్చిన మేటరు మళ్ళీ టైపు చేసే పని లేకుండా నేరుగా పేజీలో పెట్టేసుకోవచ్చు.

11న కొత్త వెర్షన్ 24.04 బీటా, అంటే విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చేది, వచ్చింది. అందులో లిబ్రేఆఫీస్ 24.2 ఉంది, నా దగ్గరున్నది 7.3. నా ఆశంతా దాని మీదే. అసలు విడుదల 25న. బీటా వేసినా తర్వాత అప్‌డేట్లతో అదే ఫైనల్ అయిపోతుందని చదివాను, నిజమేనా? టెన్షనల్లా ప్రింటర్ గురించే. పాత లేజర్ ప్రింటర్, కంపెనీ ఎప్పుడో ఇచ్చిన డ్రైవర్‌తో నడుస్తోంది. వేయమంటారా, ఆగమంటారా?

మూడులాంతర్లు:
అన్నా, నిజమే. బీటా వేసి రోజూ అప్‌డేట్లు పెట్టుకుంటూ పోతే 25 నాటికి అది ఫైనలే, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. కానీ నచ్చకపోతే 22.04కి వెనక్కి వచ్చే దారి లేదు, అంతా తుడిచి మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే. కరపత్రాల సీజన్‌లో అంత పని పెట్టుకోకు. 22.04కి 2027 దాకా అప్‌డేట్లు వస్తాయి. నీకు తొందరేం లేదు.

రాజాం_కుర్రాడు:
నేను నా లాప్‌టాప్‌లో వేసేశాను. కొత్త డెస్క్‌టాప్ గ్నోమ్ 46 చాలా బాగుంది, వైఫై, సౌండ్ అన్నీ వచ్చాయి. కాకపోతే నేను స్టూడెంట్‌ని, సిస్టం పోయినా నాకు పోయేదేం లేదు. షాపు సంగతి వేరు.

నాగావళి_ఒడ్డు:
తమ్ముడూ, ఈ బీటా అసలు 4వ తేదీనే రావాలి. వారం ఎందుకు ఆలస్యమైందో తెలిస్తే నీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్రోగ్రాంలో ఎవరో కావాలనే దొంగదారి పెట్టారని మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు బయటపెట్టాడు. దూరం నుంచి వేరే కంప్యూటర్లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వుకుంటూ పోయి పట్టుకున్నాడు. అంత చిన్న తేడాను వదిలేయకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ కోడు ఉన్నది 5.6.0, 5.6.1 వెర్షన్లలో. అప్పటికే అవి ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో ఇంకా విడుదల కాని ‘టెస్టింగ్’ వెర్షన్‌లోకి వెళ్ళిపోయాయి. ఉబుంటు వాళ్ళయితే ఫిబ్రవరి 26 తర్వాత 24.04 కోసం తయారైన ప్యాకేజీలన్నీ తీసేసి మళ్ళీ బిల్డ్ చేశారు. నీ 22.04లో ఉన్నది పాత 5.2 వరస, దానికేమీ కాలేదు. కొత్త సరుకు ముందుగా చేరేది ఇంకా విడుదల కాని వాటిలోకే. జనం ఆధార్ కాపీలు స్కాన్ చేసే సిస్టంలో బీటా వద్దనేది అందుకే.

అలాగని బీటా జోలికే పోవద్దని అనను. నువ్వు తప్పకుండా వేయాలి, కాకపోతే వేరే డిస్కులో. ఎల్‌టీఎస్, అంటే 24.04 లాంటి ఐదేళ్ళ వెర్షన్, ఒకసారి బయటికొచ్చాక భద్రత, పెద్ద బగ్గులు తప్ప మిగతా మార్పులు అంత తేలిగ్గా తీసుకోరు. తెలుగులో ఏదైనా తేడా ఉండిపోతే ఐదేళ్ళూ దానితోనే కాపురం. ‘స్వాతంత్ర్యం’లో వత్తులు విరిగితే ఎక్కడో జర్మనీలో పరీక్షించేవాడికి ఎలా తెలుస్తుంది? రోజూ తెలుగు పేజీలు కట్టే నీకు చూడగానే తెలుస్తుంది. మన జిల్లావాడు గిడుగు పేరు మీద ఫాంటు ఉంది కదా, అదీ, మండలి, రామభద్ర ఎక్కించి లక్ష్మి, స్త్రీ, శ్రీముఖలింగం పెద్ద సైజులో కొట్టి చూడు. వత్తు పక్కకు జరిగిందా, కింది లైనుకు తగులుతోందా? ‘సాఫ్ట్‌వేర్’ రాస్తే పొల్లు నిలబడుతోందా, వ కిందికి పోయి వత్తుగా మారుతోందా? తర్వాత పీడీఎఫ్ చేసి, అందులోంచి కాపీ చేసి వేరే ఫైల్లో పెట్టు. అక్షరాలు చెదిరిపోయేది ఎక్కువగా అక్కడే.

ప్రింటర్ మాత్రం ఇన్‌స్టాల్ చేయకుండా నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌లో తేలదు. డ్రైవర్ ఎక్కించి రీస్టార్ట్ చేస్తే మామూలుగా అన్నీ పోతాయి. ఇన్‌స్టాల్ చేసిన డిస్కు మీదే చూడాలి.

నరసన్నపేట_డీటీపీ:
చాలా థ్యాంక్స్ మేస్టారూ, ఇలా ఆలోచించలేదు నేను. పాత హార్డ్‌డిస్కు ఒకటి ఖాళీగా ఉంది. అదే డెస్క్‌టాప్‌లో రెండోదిగా పెట్టి బీటా వేస్తే 22.04కి ఏమైనా అవుతుందా?

నాగావళి_ఒడ్డు:
ఇన్‌స్టాల్ చేసేటప్పుడు షాపు డిస్కు కేబుల్ పీకేయి. పవర్ తీసేశాకే పీకు. సిస్టంను లేపే బూట్‌లోడర్ పొరపాటున దాని మీదకు వెళ్ళే ప్రశ్నే ఉండదు. బీటా సరిగ్గా లేస్తోందని చూసుకుని, మళ్ళీ పవర్ తీసేసి కేబుల్ పెట్టుకో, ఏది కావాలంటే అది బూట్ మెనూలో ఎంచుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసే ఐఎస్ఓ ఫైలు ఐదు జీబీలు దాటుతుంది, దిగాక అది చెడకుండా వచ్చిందో చెప్పే షా256 కోడు సరిచూడటం మానకు. ఇన్‌స్టాల్ అయ్యాక కంపెనీ డ్రైవర్ ఎక్కించి ఒక కరపత్రం, ఒక క్వశ్చన్ పేపరు ప్రింట్ తీసి చూడు. రెండూ సరిగ్గా వస్తే ఆగస్టులో 24.04.1 రాగానే షాపు డిస్కు బ్యాకప్ తీసుకుని అప్‌గ్రేడ్ చెయ్యి. 22.04 వాళ్ళకు అప్‌గ్రేడ్ కబురు మామూలుగా అప్పుడే వస్తుంది.

తెలుగులో తేడా కనిపిస్తే 22.04లో ఎలా వస్తోందో, బీటాలో ఎలా వస్తోందో రెండు స్క్రీన్‌షాట్లు తీయి. ఉబుంటు-బగ్ కమాండు ఇస్తే ఉబుంటు బగ్గులు నమోదు చేసే లాంచ్‌ప్యాడ్ పేజీ తెరుచుకుంటుంది. ఇంగ్లీషులో రాయడం ఇబ్బందైతే బొమ్మలు ఇక్కడ పెట్టు, బగ్ నేను రాస్తాను. 25 లోపల పెడితే మంచిది.